వదిలిపోవడానికి కారణం

అమెరికాలో ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారాలనుకునే పిల్లల చేత ఒక వ్యాసం రాయిస్తారు. ఇప్పుడున్న చోటు ఎందుకు వదులుతున్నావు, మా దగ్గరికొచ్చి ఏం చేద్దామనుకుంటున్నావు? విషయం అంతే, నిడివి ఒక పేజీ. చూడ్డానికి తేలికే. మా తిరుపతి, చిత్తూరు పిల్లల ముందు ఆ కాగితం పెట్టి చూడండి. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు కూడా తల గోక్కుంటాడు. తెలివి తక్కువై కాదు. బళ్లో చేరిన రోజు నుంచి ఇంతవరకూ ఆ మాట వాణ్ని అడిగినవాళ్లు లేరు.

మన దగ్గర ఫలానా కాలేజీలో ఎందుకు చేరావంటే ర్యాంకు అంత వచ్చింది కనుక. ఈఏపీసెట్ రాశాం, వెబ్ ఆప్షన్లు పెట్టాం, వచ్చిన చోట చేరాం. ఎందుకు వదిలావంటే కోర్సు అయిపోయింది కనుక. నిజానికి మన టీసీలోనూ ‘కాలేజీ వదలడానికి కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఆఫీసు గుమస్తాలు అందరికీ ఒకటే మాట రాస్తారు: ఉన్నత చదువుల నిమిత్తం. పెళ్లి కుదిరి మానేసిన పిల్లకీ అదే, ఫీజు కట్టలేక ఆగిపోయిన పిల్లాడికీ అదే, సప్లీలు రాసి రాసి విసుగెత్తి బెంగళూరులో డెలివరీ పనికి పోయినవాడికీ అదే. దాని కింద గడిలో నడవడి సంతృప్తికరం. ఆ రెండు గడులనూ ఎవరూ చదవరని రాసేవాడికి తెలుసు, తీసుకునేవాడికీ తెలుసు.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు మాస్టారు పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌లాంటివాడు. అందరూ పలకరిస్తారు, ఎవరూ బంధువనుకోరు. అయితే ఒక సౌకర్యం ఉంది. మొదటి ఏడాది ప్రతి బ్రాంచి పిల్లలూ మా ల్యాబుకు వచ్చి నిలబడి మాట్లాడాల్సిందే. కనుక ఎవరి గొంతు ఏమిటో మాకు తెలుస్తుంది. అందుకే విదేశాలకు పోయే పిల్లలు ఎల్‌ఓఆర్‌ల (సిఫారసు ఉత్తరాల) కోసం మా గదికే ఎక్కువగా వస్తారు. చాలామంది ఉత్తరం వాళ్లే రాసుకుని తెస్తారు. ఒక సీనియర్ రాసింది ఇంకో జూనియర్ చేతికి, అక్కణ్నుంచి ఇంకొకడి చేతికి పోయి, పేరు మాత్రం మారుతుంది. ఒకసారి పేరు మార్చారు గానీ లోపల ‘అతడు’ను ‘ఆమె’ చేయడం మరిచిపోయారు. ఆ ఉత్తరాలతోబాటు ఒక పట్టిక కూడా వస్తుంది: మీరు చూసిన విద్యార్థుల్లో ఇతను మొదటి ఒక శాతమా, ఐదు శాతమా, పది శాతమా? రాయలసీమ మొత్తం మీద మొదటి ఐదు శాతంలో లేని విద్యార్థి ఇంతవరకూ పుట్టలేదని ఆ పట్టికలు తిరగేసినవాళ్లకు ఎవరికైనా అనిపిస్తుంది.

ఇలాంటి రోజుల్లోనే పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పాప మా గదికి వచ్చింది. సీఎస్‌ఈ రెండో ఏడాది.

“సార్, ఎల్‌ఓఆర్ కావల్ల.”

“ఎంఎస్‌కా? దానికింకా రెండేళ్లుండాది గదమ్మా.”

“ఎంఎస్‌కి కాదు సార్. ట్రాన్స్‌ఫర్‌కి. లింగ్విస్టిక్స్ చదవల్లనుకుంటా ఉండా.”

బీటెక్ సీఎస్‌ఈ సీటు వదిలి భాషాశాస్త్రం. తిరుపతిలో ఈ మాట పెద్దగా అంటే పక్క గదుల్లోంచి మనుషులు బయటికొచ్చి చూస్తారు. నేను సహజంగా అడగాల్సిందే అడిగాను. భాషాశాస్త్రమే కావాలంటే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచీ ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట, మూడు భాషలు కలిసే చోట, ఆ పనికే పెట్టిన యూనివర్సిటీ. మీ ఊరికి దగ్గరే గదా?

“కుప్పానికి పోతానంటే మా నాయన ఒప్పుకోడు సార్. అమెరికాకయితే ఒప్పుకుంటాడు.”

మన పిల్లలు విదేశాలకు ఎందుకు పోతున్నారో పత్రికల్లో చాలా రాశారు. ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. ఇంజనీరింగ్ మానేసి భాష చదువుతానంటే ఇంట్లో అది పతనం. మధ్యలో సముద్రం ఉంటే అదే చదువు పతనం కాదు, స్థాయి. వేలు విడిచిన మేనమామ కూడా అర్థం చేసుకుంటాడు. ఆ పాపకు అమెరికా మీద మోజు లేదని నేననను. కానీ ఆమెకు కావలసింది ఇంట్లో అడగడానికి ఒక దారి. ఆ దారి కుప్పం మీదుగా లేదు, బోస్టన్ మీదుగా ఉంది.

ఆమె మొదట రాసుకొచ్చిన వ్యాసం నిండా కాలేజీ మీద ఫిర్యాదులే. ల్యాబులో సగం కంప్యూటర్లు లేవవు, సార్లు నోట్సు చదివి చెబుతారు, లైబ్రరీలో పుస్తకం బయటికివ్వరు, మొదటి ఏడాది వర్క్‌షాపులో ఇనప ముక్క ఆకురాయితో అరగదీయించారు. అన్నీ నిజాలే. కానీ అవి చదివితే కాలేజీ గురించి తెలుస్తుంది గానీ పాప గురించి తెలియదు. పైగా చదివేవాడు ఇంకోటి కూడా అనుకుంటాడు: ఈ చోటును ఇలా అన్న పిల్ల రేపు మా చోటును ఏమంటుందో! వదిలిపోయే ఇంటిని తిట్టుకుంటూ పోయేవాళ్లకు కొత్త ఇంట్లో మర్యాద దొరకదని మన పెద్దవాళ్లకు తెలియని విషయమా?

సరే, ఫిర్యాదులన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది, అది చెప్పమన్నాను. ఆమె బ్యాగులోంచి మొదటి ఏడాది కెమిస్ట్రీ రికార్డు తీసింది. వెనక పేజీల్లో, గళ్ల కాగితం మీద, పెన్సిలుతో మూడు నిలువు వరసలు. వాళ్ల తాత టమోటా వేసుకుని వి.కోట మార్కెట్టుకు పోతాడట. ఆయన బేరం తమిళంలో ఆడతాడు, డబ్బు తెలుగులో లెక్కపెడతాడు, కోపమొస్తే కన్నడంలోకి పోతాడు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఏ మాట దగ్గర దూకుతున్నాడో ఫోన్‌లో రికార్డు చేసుకుని ఈ పాప రాసిపెట్టింది. అంకెల దగ్గర ఒక రకం, బంధుత్వం కలిపేటప్పుడు ఒక రకం. మండీ యజమానిని ‘అన్నా’ అంటే ఒక ధర, ‘ఓనరే’ అంటే ఇంకో ధర పలుకుతోందా అని కూడా ఒక వరుస. ఆ వరుసలో ప్రశ్నార్థకాలే ఎక్కువ.

“ఇవన్నీ ఎట్ల కలిపినావు?”

“పైథాన్‌లో సార్. మన ల్యాబులోనే.”

అంటే లేవని కంప్యూటర్ల మధ్య లేచిన కంప్యూటరు ఒకటి ఉందన్నమాట! మరి ఇక్కడేం తక్కువైంది? దానికి ఆమె చెప్పిన జవాబు నేను మరిచిపోలేను. జవాబు చెప్పేవాళ్లు లేక కాదు సార్, నేను అడిగేది తప్పు అని చెప్పేవాళ్లు లేరు, అంది. అదే రాయమన్నాను. అది రాసింది.

రాయడం అయింది కానీ, అసలు కష్టం కాగితాల దగ్గర మొదలైంది. కాలేజీ తరఫున ఒక అధికారి నింపాల్సిన ఫారం ఒకటి ఉంటుంది. ఈ విద్యార్థి మీద క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయా, ప్రస్తుతం మంచి స్థితిలో ఉందా? మా వాళ్లు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. చదువు మధ్యలో పోయే పిల్ల గురించి మంచి చెప్పే అలవాటు మన ఆఫీసులకు లేదు. మధ్యలో పోతానంటే మిగిలిన ఏళ్ల ఫీజు సంగతేంటి అన్నదొక్కటే అలవాటైన ప్రశ్న. ఆ తర్వాత సిలబస్. చదివిన ప్రతి సబ్జెక్టులో ఏం చెప్పారో వివరాలు పంపాలి, అక్కడివాళ్లు చూసి ఏది తమ డిగ్రీలో కలుపుకోవచ్చో తేలుస్తారు. ఫిజిక్సు, లెక్కలు, ప్రోగ్రామింగ్ కలవచ్చు. ఆకురాయి పట్టిన గంటలు కలవవు. ఎన్ని క్రెడిట్లు మోసుకుపోయినా, డిగ్రీ కావాలంటే కనీసం రెండేళ్లు తమ దగ్గరే చదవాలని పెద్ద కాలేజీలు పట్టుబడతాయి. అందుకే రెండో ఏడాది దాటితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పేరున్న చాలా చోట్ల గడువు మార్చి 1.

ఇక డబ్బు ఫారం. కుటుంబం ఆదాయం, ఆస్తి, అప్పు, అన్నీ విడివిడిగా గడుల్లో నింపాలి. ఆ పాప వాళ్ల నాన్నకు టమోటాతోబాటు కొంత మామిడి తోట ఉంది, తోతాపురి. వార్షికాదాయం ఎంత అని ఆ గడి అడుగుతుంది. ఏ ఏడాది? ఫ్యాక్టరీలు పోటీపడి కాయ కొన్న ఏడాదా, లేక ఎవరూ కొనని ఏడాదా? ఆ పాప ఫారం నింపాక వచ్చిన 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేటట్టు ఏర్పాటు చేయాల్సి వచ్చింది. లారీలు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. మీసేవలో తెచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో ఒక అంకె ఉంటుంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంకో అంకె, ఆయన మనసులో మూడోది. మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. అమెరికా కాలేజీలో ఫైలు చూసే ఉద్యోగికి ఇదంతా అర్థం కావాలంటే ఇంకో వ్యాసం రాయాలి.

పరదేశపు పిల్లల దగ్గర డబ్బు ఉందో లేదో చూడకుండా చదువు చూసి మాత్రమే తీసుకుంటామనే కాలేజీలు అమెరికా మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, ఈమధ్య డార్ట్‌మత్, బౌడిన్, ఇంకొన్ని. అక్కడా ఎక్కువ సీట్లు ఇంటర్ అవగానే మొదటి ఏడాదిలో చేరేవాళ్లకే. మధ్యలో వచ్చేవాళ్లకు తలుపు సందే మిగులుతుంది. హార్వర్డ్ ఏటా మార్పిడి మీద తీసుకునేది ప్రపంచం మొత్తం మీద పన్నెండు మందికి అటూ ఇటూ. ప్రిన్స్‌టన్ 1990లో ఆ తలుపు పూర్తిగా మూసేసి 2018లో గానీ తెరవలేదు. తెరిచింది కూడా ముఖ్యంగా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ల కోసం, అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో చదివిన పేదపిల్లల కోసం. న్యాయమే. మిగిలిన చోట్ల, నాకు సాయం కావాలి అని గడిలో టిక్కు పెట్టగానే సీటు అవకాశం తగ్గుతుంది. ఈ సంగతి వాళ్లు దాచరు కూడా. కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం చెప్పరు.

ఇన్ని వడపోతల తర్వాత ఎంపికైనవాళ్లు నిజంగా మెరికలేనా, ఆగిపోయినవాళ్లు తాలేనా అన్నది నన్ను చాలాకాలంగా తొలిచే ప్రశ్న. దానికి మన ప్రాంతంలోనే మూడు పాత కథలున్నాయి.

మొదటిది కట్టమంచి. ఇప్పుడది చిత్తూరు పట్నంలో కలిసిపోయింది. అక్కడ 1880లో పుట్టిన రామలింగారెడ్డి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీకి పోయారు. ఆ స్కాలర్‌షిప్పు ఆ కాలపు ఎంపికల్లో బహుశా అన్నిటికన్నా ఇరుకైన తలుపు. మద్రాసులో ఉండగానే ‘ముసలమ్మ మరణము’ రాసి కాలేజీ తెలుగు సంఘం పోటీలో గెలిచిన కుర్రాడు, 1905 నాటికి కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ పదవికి ఎన్నికైన మొదటి భారతీయుడు. ఎంపిక చేసినవాళ్ల అంచనా ఈయన విషయంలో తప్పలేదు. తిరిగొచ్చి బరోడాలో, మైసూరులో పనిచేసి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు.

రెండోది అచ్చంగా కాలేజీ మార్పిడి కథ. తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1896లో తిరుపతి లూథరన్ మిషన్ స్కూల్లో వేశారు. తర్వాత వేలూరు వూర్‌హీస్ కాలేజీ. అక్కడ ఎఫ్.ఏ. అయ్యాక మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి మారారు, పదిహేడేళ్లు నిండకుండానే. ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నారంటే, బంధువొకాయన అదే చదువు ముగించుకుని తన తర్కం, మనస్తత్వ శాస్త్రం, నీతిశాస్త్రం పుస్తకాలు ఈయనకిచ్చేశాడు. పుస్తకాలు కొనే ఖర్చు తప్పింది. భారతీయ తత్వశాస్త్రాన్ని ప్రపంచానికి వివరించిన మనిషి ఆ శాస్త్రంలోకి వచ్చిన దారి అది. ఇదే మాట ఇవాళ దరఖాస్తులో రాస్తే ఏమవుతుంది? ‘మీ ఫిలాసఫీ విభాగమే ఎందుకు’ అన్న చోట ‘పుస్తకాలు ఊరికే వచ్చాయి కనుక’ అని నిజం రాసిన పిల్లాణ్ని ఏ కాలేజీ తీసుకుంటుంది? కన్సల్టెన్సీ వాళ్లు ఆ వాక్యం కొట్టేసి, చిన్నప్పుడు తిరుమల మెట్లెక్కుతుండగా అస్తిత్వ ప్రశ్న తలెత్తింది అని రాయిస్తారు. మద్రాసులో ఆయనకు దొరికింది పేరు కాదు, హాగ్ లాంటి అధ్యాపకుడు. హిందూ ధర్మాన్ని చదివి, దానితో తగువు పెట్టుకున్న క్రైస్తవ పండితుడు. ఆ తగువుకు జవాబు వెతుక్కుంటూనే ఈయన వేదాంత నీతి మీద ఎం.ఏ. వ్యాసం రాశారు. పలమనేరు పాప వెతికేది కూడా అలాంటి మనిషినేనని నాకనిపిస్తుంది.

ఒక ముచ్చట చెప్పుకోవాలి. ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రామలింగారెడ్డి 1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పదవి వదిలేస్తే, 1931లో ఆ కుర్చీలోకి వచ్చింది రాధాకృష్ణనే. 1936లో ఈయన ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవికి పోతే తిరిగి వచ్చి కూర్చున్నది రామలింగారెడ్డే. దాదాపు పాతికేళ్ల పాటు తెలుగువాళ్ల యూనివర్సిటీని ఈ ప్రాంతంవాళ్లిద్దరే చేతులు మార్చుకున్నట్టుంటుంది. తిరుపతికి మాత్రం 1954 దాకా సొంత యూనివర్సిటీ లేదు.

మూడో కథ మదనపల్లెది. అక్కడ 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజం వాళ్లు చేరదీసి, 1911లో ఇంగ్లండు తీసుకుపోయారు. జగద్గురువు కాబోతున్నాడని ప్రచారం చేస్తూనే ఆక్స్‌ఫర్డ్‌లో చేర్పించాలని చూశారు. కొడుకును తిరిగి ఇప్పించమని తండ్రి వేసిన కేసూ, ఈ జగద్గురువు గోలా చూసి అక్కడి కాలేజీలు వద్దన్నాయి. సరే, లండన్ యూనివర్సిటీ అన్నారు. దాని ప్రవేశ పరీక్ష మూడుసార్లు తప్పాడాయన. అంటే ఒకడు నెగ్గాడు, ఒకడు మారాడు, ఒకణ్ని ఎక్కడా రానివ్వలేదు. మూడోవాడు మదనపల్లె దగ్గర పెట్టించిన రిషివ్యాలీ స్కూల్లో చదివిన పిల్లలు ఇప్పుడు మొదటివాడు పోయినటువంటి కాలేజీలకు పోతున్నారు. వింతగా అనిపిస్తుంది గానీ, దీన్నుంచి పెద్ద నీతేమీ లాగకూడదు. పరీక్ష తప్పిన ప్రతివాడూ కృష్ణమూర్తి కాడు. లండన్ పరీక్ష కాగితాలు దిద్దినవాడు తప్పు దిద్దాడని కూడా నేననుకోను. ఆ కాగితంలో ఏముందో దానికే మార్కులు వేశాడు పాపం.

ట్రాన్స్‌ఫర్ అనే మాట మన తెలుగు ఇళ్లలో వినిపించేది అసలు ఈ అర్థంలో కాదు. అమెరికాలో ఎంఎస్‌కు చేరి, ఫీజు భారమై, చేరిన రోజు నుంచే పనిచేసుకోనిచ్చే యూనివర్సిటీ వెతుక్కుని అక్కడికి మారడం, అదీ మనకు తెలిసిన ట్రాన్స్‌ఫర్. చదువు కోసం కాదు, వీసా నిలబడటం కోసం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు వెయ్యిన్నరకు పైగా పిల్లలు వీధిన పడ్డారు. ఎక్కువమంది మన తెలుగువాళ్లే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి బయటపడింది. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు. అది అమెరికా ప్రభుత్వమే వల వేసి పెట్టిన బోర్డు. అందులో చేరినవాళ్లలో చాలామంది వేరే చోట్ల నుంచి మారినవాళ్లే. వాళ్లది అత్యాశ అని అప్పట్లో ఇక్కడ టీ కొట్ల దగ్గర తీర్పులు చెప్పారు. లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని పోయిన పిల్లాడికి పేపరు మీద యూనివర్సిటీ, నిజం యూనివర్సిటీ తేడా తెలియాలంటే ముందు ఇక్కడ నిజం యూనివర్సిటీ ఎలా ఉంటుందో చూపించి ఉండాలి.

ఇక 2025 మేలో ఇంకో విడ్డూరం. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతిని హార్వర్డ్‌కు రద్దు చేస్తున్నామని, ఉన్నవాళ్లు వేరే చోటుకు మారకపోతే హోదా పోతుందని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి రోజే కోర్టు ఆపింది. అయినా ఏడాదికి పన్నెండు మందే మారి రాగలిగిన చోటు నుంచి వేలమందిని మారిపొమ్మన్న ముచ్చట జరిగింది కదా! ఆ వారం మా పాప మా గదిలో కూర్చుని ఆ వార్త చదివి, “ఇప్పుడు వాళ్లు గూడా వ్యాసం రాయల్లనా సార్, ఎందుకు వదులుతా ఉండారో?” అంది.

అమెరికా సంగతి అలా ఉంచండి. నాకు బాధ కలిగించేది దగ్గరి దూరం. శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి బస్సులో వచ్చే డిగ్రీ పిల్లలు రోజూ ఏర్పేడు మీదుగా వస్తారు. ఆ మండలంలోనే ఐఐటీ తిరుపతి ఉంది, ఐసర్ తిరుపతి ఉంది. రెండూ 2015లో వచ్చాయి. ఆ బస్సులో కూర్చున్న బీఎస్సీ పిల్లకు రెండో ఏడాదిలో కళ్లు తెరుచుకుని, ఫిజిక్సు అంటే ఇదా అనిపించింది అనుకోండి. బస్సు దిగి ఆ గేటు దగ్గరికి పోయి, నన్ను మళ్లీ ఒకసారి చూడండి అని అడగడానికి దారి లేదు. పదిహేడేళ్లకు రాసిన పరీక్షలో ఏం తేలిందో అదే. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో చదివే స్తోమత లేకపోవడం వల్లనో, పరీక్ష వారంలో అవ్వ చనిపోవడం వల్లనో ర్యాంకు పోతే పోయినట్టే. హార్వర్డ్‌కు పన్నెండు సీట్లయినా ఉన్నాయి. ఏర్పేడులో ఆ లెక్క సున్నా.

ఒకే యూనివర్సిటీ కింద ఉన్న రెండు కాలేజీల మధ్య మారాలన్నా రెండు కాలేజీల ఎన్‌ఓసీలు కావాలి, ఖాళీ సీటు కావాలి, పైనుంచి అనుమతి కావాలి. తండ్రికి బదిలీ అయిందనో, ఒంట్లో బాగాలేదనో అంటే ఆ ఫైలు కదులుతుంది. ఆ కాలేజీలో ఫలానా మేడమ్ పాఠం బాగా చెబుతుందంట అని రాసిన అర్జీ నేనింతవరకూ చూడలేదు. 2020 విద్యావిధానం వచ్చాక క్రెడిట్ల బ్యాంకు అన్నారు. 2021లో పెట్టారు కూడా. మా పిల్లలందరి చేతా ఖాతాలు తెరిపించాం. ఆ ఖాతాలో పడ్డ క్రెడిట్టు పక్క ఊళ్లో తీసుకుని వాడుకున్నవాణ్ని ఎవడినైనా చూపిస్తే బాగుండును.

నేను అమెరికా పద్ధతిని నెత్తిన పెట్టుకోవడం లేదు. పేజీ వ్యాసంతో మనిషిని తూచేయవచ్చనుకోవడం కూడా ఒక భ్రమే. ఆ వ్యాసాలు రాసిపెట్టే దుకాణాలు అక్కడా ఇక్కడా ఉన్నాయి. కానీ పందొమ్మిదేళ్ల పిల్లను పిలిచి, రెండేళ్లు చదివావు కదా, ఇప్పుడేమనుకుంటున్నావు అని రెండోసారి అడగడం ఉందే, దాని విలువ వేరు. అడిగాకే ఆ కెమిస్ట్రీ రికార్డు వెనక పేజీలు బయటపడ్డాయి. మేం అడగలేదు. అడగాల్సిన అవసరం మాకు ఏ ఫారంలోనూ లేదు.

మే నెలలో జవాబులొచ్చాయి. పెద్ద చోట్లన్నీ మర్యాదగా వద్దన్నాయి. ఒక చిన్న కాలేజీ రమ్మంది గానీ వాళ్లిచ్చే సాయం పోను మిగిలిన డబ్బుకు తోట మొత్తం అమ్మినా చాలదు. పాప పెద్దగా కుంగిపోయినట్టు లేదు. ఆ చిన్న కాలేజీలో ఒక ప్రొఫెసర్ తన వ్యాసం చదివి, నీ మూడో వరుసలో ప్రశ్న తప్పుగా అడిగావు అని ఉత్తరం రాసిందట. అది చూపించి మురిసిపోయింది. కుంగిపోయింది వాళ్ల నాన్న. తెల్ల చొక్కా వేసుకుని, సంచిలో కాయలు పెట్టుకుని, మా గదికి వచ్చి కూర్చున్నాడు.

“మా పాపలో ఏమి తక్కువని సార్ వాళ్లు వద్దనింది?”

తక్కువేం లేదన్నాను. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు వేలమంది అన్నాను. ఆయనకు ఎక్కలేదు. అప్పుడు కృష్ణమూర్తి సంగతి చెప్పాను. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వద్దన్నారు, లండన్ పరీక్ష మూడుసార్లు తప్పినాడు, అయినా ప్రపంచమంతా ఆయన మాట వినింది అని.

“మదనపల్లాయనా? ఎవరింటోళ్లు సార్?”

“జిడ్డు వాళ్లు.”

కాసేపు ఆలోచించాడు. తెలిసినవాళ్లెవరూ తగిలినట్టు లేదు.

“చివరికి ఏం పని చేసినాడు ఆయన?”

“దేశాలు తిరిగి మాట్లాడినాడు. జనాన్ని ప్రశ్నలడిగినాడు.”

“అంతేనా?”

“అంతే.”

సంచి నా బల్ల పక్కన పెట్టి లేచాడు. గుమ్మం దాకా పోయి ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: “ఈ సంగతి మా పాపకు మటుకు చెప్పబాకండి సార్.”